తాలింపు కన్నం

మార్తాకి మొగుడంటే భయం లేదు, పొరుగింటి ముక్కంటేనే భయం. డబ్లిన్‌లో వాళ్లుండే పాత ఫ్లాట్ల వరండాలో ఓసారి పక్కింటి ముసలామె బ్రిడ్జెట్ ఆపి, "ఏం వండావమ్మా ఇవాళ?" అంది. అంతే! ఎండుచేపల వాసనని దెప్పిందనుకుని మార్తా చిన్నబోయింది. వరండా వైపు గోడకున్న గాలికన్నంలో పాతచీర కుక్కి, పైన చర్చి క్యాలెండరు తగిలించింది. పరువు దక్కిందనుకుంది పిచ్చిది.

2006 చలికాలం ముందు యజమాని ఫ్లాట్లన్నిటికీ కొత్త కిటికీలు బిగించాడు, గోడలకి వెచ్చదనం పోకుండా దళసరి పొర వేయించాడు. "ఇల్లు డబ్బాలా బిగిసింది. గ్యాస్ హీటరుంది కదా, గాలికన్నం మాత్రం మూయకండి, విషవాయువు గదిలోనే నిలిచిపోతుంది" అన్నాడు పనివాడు. "గ్రాండ్, గ్రాండ్" అని అక్కడివాళ్లలాగే సరేనంది మార్తా. చీర సంగతి ఏ మొహంతో చెబుతుంది? తర్వాత తీద్దాంలే అనుకుని మరిచిపోయింది.

ఓ మధ్యాహ్నం మార్తా వృద్ధాశ్రమంలో ముసలివాళ్లని చూసుకునే కేరర్ డ్యూటీలో ఉండగా భర్త తోమా ఫోను చేశాడు. నైట్ డ్యూటీ దిగి హీటరు పక్కన పడుకున్నాడు.

"తల పగిలిపోతోందే మార్తా. కాళ్లు లేవట్లా. ఇంకాసేపు పడుకుంటా."

మార్తాకి చీర గుర్తొచ్చింది. "పడుకోమాకండి! తలుపు తీయండి! ఏవండీ!"

జవాబు లేదు. అంబులెన్సుకి ఫోను చేసింది. తర్వాత, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన బ్రిడ్జెట్‌కి చేసింది. కిటికీల పనప్పుడు తోమా ఇచ్చిన తాళంచెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది.

"మా ఇంట్లో గ్యాసు! తలుపు తీసి తోమాని బయటికి లాగండి!"

ఇంటికి బయల్దేరిన టాక్సీ ట్రాఫిక్కులో ఇరుక్కుంది. "ప్రభువా, నా పరువు తీసుకో, నా మనిషినివ్వు" అని మార్తా గొణుగుతూనే ఉంది.

వరండాలో తోమా బ్రిడ్జెట్ కోటు కప్పుకుని, మూతికి ఆక్సిజన్ మాస్కుతో గోడకి ఆనుకున్నాడు. బతికే ఉన్నాడు! ఫైరింజనువాళ్లు కన్నంలోంచి చీర లాగి, ఎవరు కుక్కారని అడిగారు.

"నేనే" అంది మార్తా. బ్రిడ్జెట్ వైపు తిరిగింది. "మా కూరలు మీకు కంపు కొడుతున్నాయని..."

"కంపా?" ముసలామె ఇంకా రొప్పుతూనే ఉంది. "ఒక్కత్తినే టోస్టు కొరుక్కుంటూ ఆ వాసనతోనే కడుపు నింపుకునేదాన్ని. ఏం వండావని అడిగింది, ఓ ముద్ద పెడతావేమోనని తల్లీ."

మార్తా ఆమె చేతులు పట్టుకుని బావురుమంది.