మాత్రల డబ్బాలో నవల పేజీ

2022 వేసవి. మల్లాపూర్‌లోని ఒక చిన్న మందుల ప్యాకింగ్ యూనిట్‌లో నేను క్వాలిటీ ఆఫీసర్‌ని. మాత్రలు తయారయ్యేది వేరేచోట. మా దగ్గర మాత్రల స్ట్రిప్పులను అట్టడబ్బాల్లో పెట్టి, ప్రతి డబ్బాలో ఒక లీఫ్‌లెట్ చేర్చి, పెద్ద పెట్టెల్లో సర్ది పంపుతాం. లీఫ్‌లెట్ అంటే మందు ఎలా వాడాలో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పే మడత కాగితం. మా దాంట్లో ఒకవైపు ఇంగ్లిషు, వెనకవైపు తెలుగు ఉంటాయి. నేను సంతకం పెట్టనిదే పెట్టె గేటు దాటదు.

రెండో లైన్‌లో ఎనిమిది మంది ఆడవాళ్లు. కొందరిది నాచారం, కొందరిది చెంగిచెర్ల. ఆ వేసవిలో వాళ్లను ఒక ప్రేమ నవల పట్టుకుంది. ఉప్పల్‌లో పాతపేపర్ల దుకాణంలో కనబడితే వాళ్లలో స్వరూప అనే అమ్మాయి తెచ్చుకుంది దాన్ని. అట్ట లేదు, పేరు తెలియదు. కథానాయిక వసుధ కాబట్టి అందరూ ‘వసుధ బుక్కు’ అనేవాళ్లు. జిగురు ఊడి పేజీలు విడివిడిగా వచ్చేయడం వాళ్లకు కలిసొచ్చింది. ఒకరు పుస్తకమంతా ముగించేదాకా ఇంకొకరు ఎదురుచూడనక్కర్లేదు. స్వరూప చదివేసిన పేజీ పక్కామెకు, అక్కణ్నుంచి ఆ పక్కామెకు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల మీదుగా పేజీలు చేతులు మారుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

ఆ వరుసలో చివరి మనిషి యాదమ్మ. నలభై దాటిన మనిషి, మూడో తరగతితో బడి మానేసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది.

“యాదమ్మక్కా, వాళ్ల లగ్గం గూడ అయిపోయింది. నువ్వింకా బస్టాప్‌లనే ఉన్నవా?” అని స్వరూప ఏడిపించేది.

“నేను బస్సెక్కేదాక వసుధ ఆగుతది తియ్యి,” అనేది యాదమ్మ.

ఒకరోజు మధ్యాహ్నం బీపీ మాత్రల బ్యాచ్ పూర్తయింది. బ్యాచ్ చివర రికన్సిలియేషన్ చేస్తాం. ఎన్ని లీఫ్‌లెట్లు తెచ్చుకున్నాం, ఎన్ని వాడాం, ఎన్ని చిరిగాయి, అన్నీ సరిపోవాలి. ఆ రోజు ఒకటి మిగిలింది. ఏదో ఒక డబ్బాలో లీఫ్‌లెట్ పడలేదేమో. కానీ ప్రతి డబ్బానూ తూచే యంత్రం ఉంది, కాగితం లేక బరువు తగ్గితే దాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఆ పూట అది దేన్నీ నెట్టలేదు. బయట లారీ సిద్ధంగా ఉంది.

“ప్రింటరే ఒకటి ఎక్కువేసిండు మేడం. గట్లనే రాసెయ్యండి,” అన్నాడు సూపర్‌వైజర్.

అలా జరగడం కొత్త కాదు. నాకూ సబబే అనిపించి పెన్ను తీశాను.

అప్పుడు యాదమ్మ నా గది గుమ్మంలోకి వచ్చింది. తలకు పెట్టుకునే టోపీ చేతిలో నలుపుతోంది.

“మేడం, లారీ పోనియ్యకున్రి.”

“ఏమైంది?”

“నా కాయితం డబ్బల పడ్డదేమో.”

ఏ కాగితమో నాకు మొదట అర్థం కాలేదు. లంచ్‌లో పూర్తికాని నవల పేజీని మడిచి, ఏప్రాన్ చేతి ఎలాస్టిక్ లోపల దోపుకుందట. లీఫ్‌లెట్లు డబ్బాల్లో పెట్టే పని ఆమెదే, ట్రే ఆమె చేతి కిందే ఉంటుంది. ఎప్పుడు జారిందో తెలియదు, ఇప్పుడు చూస్తే లేదు. ప్యాకింగ్ హాల్లోకి బయటి కాగితం తేవడం ఉద్యోగం పోయేంత తప్పని ఆమెకు తెలుసు.

“భయపడకుండా వచ్చి చెప్పావే,” అన్నాను.

“భయమైతే మస్తున్నది మేడం. కానీ మా అత్తకు గూడ బీపీనే. ఇదివరకు డబ్బల కాయితం సూడకనే పారేస్తుంటిమి. మొన్న నేనే కూసొని సదివిన. గోలీ ఏసుకున్నంక దిగ్గున లేవొద్దు, కండ్లు తిరుగుతయని రాసున్నది. అత్తకు జెప్పిన. గా కాయితం లేని డబ్బ ఎవరింటికన్న పోతే ఎట్ల?”

పెన్ను పక్కన పెట్టి లారీని ఆపించాను.

లంచ్ తర్వాత నింపిన పెట్టెలు ముప్పై దాకా ఉన్నాయి. షిఫ్ట్ అయిపోయినా రెండో లైన్‌లో ఒక్కరూ కదల్లేదు. ఒక్కో పెట్టె విప్పి, ఒక్కో డబ్బా తెరిచి, లీఫ్‌లెట్ చూసి మళ్లీ మూస్తున్నారు. “నా బుక్కుతోనే అక్కకు గిట్లయింది,” అని స్వరూప కళ్లు తుడుచుకుంటూనే ఉంది. పద్దెనిమిదో పెట్టెలో ఆమె చేతికే దొరికింది. అదే సైజు మడత, ఇంచుమించు అదే బరువు. యంత్రం మోసపోయిందంటే దాని తప్పు లేదు. విప్పి చూశాను. వసుధ వానలో నిలబడి ఉంది. పక్కనున్నతను గొడుగు తెరవడమే మరిచిపోయాడు. అందరూ ఒక్కసారిగా నవ్వారు, యాదమ్మ తప్ప.

మర్నాడు మేనేజర్ పిలిచారు. పద్ధతి తప్పినప్పుడల్లా కారణంతో సహా రాసే నివేదికను డీవియేషన్ అంటాం. “ఆమె పేరు రాసి క్లోజ్ చేయండి. ఇక పనిలోకి రావద్దని చెప్పండి,” అన్నారాయన.

“ఆమె చెప్పకపోతే ఆ డబ్బా వెళ్లిపోయేది సార్. నేను సంతకానికి పెన్ను కూడా తీశాను, అదీ రాస్తాను. చెప్పినందుకు ఆమెను పంపేస్తే ఇక ఇక్కడ ఎవరూ ఏ తప్పూ చెప్పరు.”

చివరికి ఆయన హెచ్చరిక పత్రంతో సరిపెట్టడానికి ఒప్పుకున్నారు. బట్టలు మార్చుకునే గది బయట పుస్తకాలకు ఒక అర కూడా పెట్టించారు.

హెచ్చరిక పత్రం తెలుగులో టైపు చేయించి యాదమ్మకిచ్చాను. మామూలుగా అలాంటివాటి మీద వేలు చూపించినచోట సంతకం పెట్టేసి వెళ్లిపోతారు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటి లైను కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. సగంలో ఒక మాట దగ్గర ఆగింది.

“నిర్లక్ష్యం అంటే ఏంది మేడం?”

“పట్టించుకోకపోవడం.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “తప్పు జేసిన, ఒప్పుకుంట. కానీ పట్టించుకున్న గదా? పట్టించుకున్నందుకే అచ్చి జెప్పిన. గీ మాట నాది కాదు మేడం.”

మా వృత్తిలో ఏదైనా దిద్దాలంటే ఒక్క గీతే గీయాలి, పాత మాట కనబడాలి, పక్కన దిద్దినవాళ్ల సంతకం ఉండాలి. అలాగే గీత గీసి, పైన ‘పొరపాటు’ అని రాసి సంతకం పెట్టాను. ఆమె దాన్నీ చదివి, అప్పుడు తన పేరు రాసింది.

అప్పటికి పదకొండేళ్లుగా నివేదికల్లో ‘నిర్లక్ష్యం’ అని రాస్తున్నాను. ఎవరూ దాని అర్థం అడగలేదు, నేనూ ఆగి చూసుకోలేదు. ఎవరి పేరు పక్కనైనా ఆ మాట రాయాల్సి వస్తే, ఇప్పుడు ముందు ఆ మనిషిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఏం జరిగిందో అడుగుతాను.