శుక్రవారం నాడు మిల్వాకీ చేప

మా ఇంట్లో సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం బాబాది, శనివారం వెంకన్నది. చేప వండుకోడానికి మిగిలినవి మూడే రోజులు. అందులో శుక్రవారం కూడా కిందటేడు చేజారిపోయింది.

దానికి కారణం గ్రీన్ కార్డు. ఆ కార్డు కోసం మేం నిలబడిన క్యూ షికాగో శివారు నేపర్‌విల్‌లో మా వాకిట్లో మొదలై, చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ ఒక మలుపు తిరిగి వెనక్కి వచ్చేది. విసిగిపోయిన మా ఆవిడ సుభద్ర లక్ష్మీదేవికి మొక్కుకుంది: కార్డు వస్తే మొగుడూ పెళ్ళాలం ఇద్దరం ఈ జన్మలో శుక్రవారం నీచు ముట్టమని. వెంటనే కార్డు వచ్చేసింది. అమ్మవారు అంత చురుగ్గా పనిచేస్తుందని ముందే తెలిస్తే, చేప జోలికి పోకుండా ఏ కాకరకాయనో వదిలేస్తానని నేనే మొక్కుకునేవాణ్ణి.

నాది నంద్యాల. చేపకు తలా తోకా ఉంటాయని పెళ్ళయ్యాకే తెలిసింది. సుభద్రది నరసాపురం. నాకు చేప మప్పిన మనిషే ఇప్పుడు శుక్రవారానికి తాళం వేసింది.

ఇలా ఉండగా, మిల్వాకీలో ఇంటి నుంచే పనిచేసే మా ఆఫీసు వాల్టర్ మొన్న మీటింగ్ అయ్యాక, "మూర్తీ, ఇప్పుడు లెంట్ కదా. ఈ శుక్రవారం మా చర్చికి రా. మీ ఆవిడని కూడా తీసుకురా" అన్నాడు. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు వీళ్ళు పాటించే ఉపవాస కాలం అది. ఆ రోజుల్లో శుక్రవారం కాథలిక్కులు మాంసం ముట్టరు. చేప మాత్రం వాళ్ళ లెక్కలో మాంసం కాదు. అందుకని చర్చి నేలమాళిగలో ఊరంతా కూర్చుని చేపలు వేయించుకు తింటారు. అలాంటి ఉపవాసం నాకు ఏడాది పొడవునా సమ్మతమే.

ఇంట్లో సుభద్రతో, "వాల్టర్ వాళ్ళు కూడా శుక్రవారం మాంసం ముట్టరట. చర్చిలో అందరికీ భోజనాలట, పిలిచాడు" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చేప సంగతి మాత్రం నోట్లోనే ఉండిపోయింది, లాలాజలంలో ఈదుతూ.

"చూశారా! ఎవరి దేవుడైనా శుక్రవారం శుక్రవారమే. ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాం?" అంటూ ఆవిడ స్నానాల తొట్టంత అల్యూమినియం ట్రే నిండా పులిహోర కలిపింది. పట్టుచీర కట్టుకుని, పైన చలికోటు తొడుక్కుంది. నేను చేప ఊసెత్తకుండా బూట్లు తొడుక్కున్నాను.

శుక్రవారం పదకొండు గంటలకు నేపర్‌విల్‌లో లోకల్ రైలెక్కాం. మధ్యాహ్నం ఒంటిగంటకు షికాగోలో మిల్వాకీ రైలు. వెళ్ళదలచినవాళ్ళకి ఒక మాట: టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, సరస్సు చూద్దామని మాత్రం ఆశపడకండి. సముద్రమంత మిషిగన్ సరస్సు దారంతా కుడివైపే ఉంటుంది గానీ, ఒక్కసారీ మొహం చూపించదు. కిటికీ పక్క సుభద్ర కునుకు తీస్తోంది. ఆవిడ ఒళ్ళో పులిహోర.

నా పక్కన, మిల్వాకీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రం వాళ్ళ గుర్తైన జున్నుముక్క ఆకారం పసుప్పచ్చని టోపీ పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు. ఆ టోపీ కింద మా ఇద్దరికీ నీడ దొరికేది. రిటైరైన లారీ డ్రైవరట. "ఫిష్ ఫ్రైకేనా?" అన్నాడు, రైలింజను కూతలాంటి గొంతుతో.

నేను పెదాల మీద వేలు పెట్టి సుభద్ర వైపు చూపించాను. నిద్ర పాడవుతుందనుకున్నాడు పాపం. గొంతు తగ్గించాడు, నోరు ఆపలేదు. "లెంట్‌లో నేను దేశమంతా తిన్నాను బాబూ. పిట్స్‌బర్గ్‌లో చేప పక్కన ఆలుగడ్డ కూరిన పిండి కజ్జికాయలు పెడతారు, వెన్నలో మగ్గిన క్యాబేజీ నూడుల్స్ పెడతారు. బఫలోలో ఒక్క చేపముక్క ప్లేటు దాటి రెండువైపులా వేలాడుతుంది. సెయింట్ లూయిస్‌లో చేపతో స్పగెటీ. లూసియానాలో మంటెక్కే కారంలో ఉడికించిన మంచినీటి రొయ్యలు, బల్ల మీదే గుమ్మరిస్తారు."

"మరి మీ విస్కాన్సిన్‌లో?" గుసగుసగా అడిగాను.

"బీరు కలిపిన పిండిలో ముంచి వేయిస్తాం. పక్కన రై రొట్టె, ఆలుగడ్డ అట్టు, ఆపిల్ గుజ్జు. మిగతావాళ్ళవి ప్రాక్టీసు మ్యాచులు." ఆయన దిగేముందు నా భుజం తట్టి, "త్వరగా వెళ్ళు. చేప అయిపోతే ఏడవడం తప్ప ఏం చెయ్యలేం" అన్నాడు.

రెండున్నర దాటాక మిల్వాకీ స్టేషన్లో వాల్టర్ కారుతో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. గుమ్మం పట్టనంత భుజాలు, పసిపిల్లాడి బుగ్గలు. ఊళ్ళో పాత బీరు ఫ్యాక్టరీలన్నీ చూపించి, నాలుగింటికి చర్చి దగ్గర దింపాడు. అప్పటికే వరుస వీధి చివరిదాకా ఉంది. వాల్టర్ మమ్మల్ని పక్క తలుపు గుండా కిందికి తీసుకెళ్ళాడు.

మూడో మెట్టు మీద సుభద్ర ఆగిపోయింది.

"ఏవండీ."

"ఊఁ."

"ఈ వాసన నాకు తెలుసు."

"ఏ వాసన? ఆలుగడ్డ అట్లేమో."

"నేను నరసాపురం దాన్నండీ. ఏ నూనెలో ఏ చేప పడిందో నాలుగిళ్ళవతల నుంచి చెప్తాను. మాంసం ముట్టరన్నారు!"

"ముట్టరు. చేప మాంసం కాదు, వాళ్ళ శాస్త్రం."

"మనకి కార్డు ఎవరిచ్చారు?"

"ఇమిగ్రేషన్ వాళ్ళు."

"వాళ్ళకి ఆ బుద్ధి ఎవరు పుట్టించారు?"

మెట్లెక్కి ఎదురొస్తున్నవాళ్ళు పట్టుచీరను చూసి, మేము ఏదో పెళ్ళి నుంచి తప్పిపోయి వచ్చామనుకుని దారిచ్చారు.

హాలు చూస్తే కళ్ళు తిరిగాయి. పొడుగాటి బల్లలు, వాటి మీద పరిచిన కాగితాలు, పసిపిల్లల నుంచి వాకర్ల మీద నడిచే తాతల దాకా జనం. మూల ఒక ముసలాయన అకార్డియన్ వాయిస్తున్నాడు. వంటగదిలో చేపలు నూనెలో పడుతుంటే వానకాలం రేకుల కప్పు మీద చినుకుల చప్పుడు.

వాల్టర్ భార్య డాట్, ఏప్రన్‌లో ఎదురొచ్చి సుభద్రని కావలించుకుంది. పులిహోర ట్రే అందుకుని, "అయ్యో, ఇంత చేశావా!" అంటూ మేం వద్దనేలోగా మా బల్ల మీద మూత తీసింది. చుట్టుపక్కలవాళ్ళందరూ తలో గరిటె వేసుకున్నారు. వేసుకుని, సరిగ్గా చేప పక్కనే పెట్టుకున్నారు.

"పులిహోర పక్కన చేప," అంది సుభద్ర నీరసంగా. "ఏ జన్మలో పాపమో."

ఆవిడకి ఆలుగడ్డ అట్లు వచ్చాయి. ఆపిల్ గుజ్జు పక్కకి జరిపి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కారప్పొడి తీసింది. నా ముందుకు చేప వచ్చింది. సరస్సు చేప, బంగారు రంగు, అంచులు కరకరలాడుతూ, ఆవిరి నేరుగా ముక్కులోకి. చరిత్రలో అంతకన్నా అందమైన చేప వేగలేదు. ఫోర్క్ ఎత్తాను. ఓరకంట ఆవిడని చూశాను.

"తినండి," అంది అట్టు తుంచుకుంటూ. "మొక్కుకున్నది నేను. మీ పేరు కూడా చేర్చాను, అంతే."

తినొద్దంటే తినేసేవాణ్ణి. తినమంది. ఫోర్క్ గాల్లో ఉండిపోయింది.

అప్పుడే వాల్టర్ రెండు చేతుల్లో నాలుగు బీరు జగ్గులతో వచ్చాడు. బల్లబల్లకీ వంచుతున్నాడు. నురుగు పొంగిన ప్రతిసారీ ఒక క్షణం దానివంక చూసి, ముందుకు కదులుతున్నాడు.

"నువ్వు కూర్చో వాల్టర్, ఒక గ్లాసు తీసుకో" అన్నాను.

డాట్ నవ్వింది. "ఆయన లెంట్‌కి బీరు మానేశాడు. ఏటా అంతే. నేను చాక్లెట్ మానేశాను."

"బీరు మానేసి బీరు పోసే పని ఎందుకు పెట్టుకున్నావయ్యా?"

వాల్టర్ ఏదో తేలిక విషయం చెప్తున్నట్టు, "ఎవరో ఒకరు పొయ్యాలిగా. ఈస్టర్ నాడు తాగుతాను, అప్పుడు దాని రుచి చూడాలి నువ్వు" అన్నాడు. నురుగు మళ్ళీ ఒకసారి చూసి, పక్క బల్లకి వెళ్ళిపోయాడు.

సుభద్ర అట్టు మీద కారప్పొడి చల్లుకుంది. నేను ఫోర్క్ కింద పెట్టి, డాట్‌ని ఒక డబ్బా అడిగాను.

"బాగాలేదా?" డాట్ మొహం చిన్నబోయింది.

"మాకూ శుక్రవారం ఉంది," అన్నాను. "చేప కూడా లెక్కలోకి వచ్చే శుక్రవారం."

డాట్ రెండు నిమిషాలు లోపలికెళ్ళి, వేడివేడి ముక్కలు ఇంకో ఆరు కలిపి డబ్బా నింపి తెచ్చింది. నాకు పులిహోర, రై రొట్టె, క్యాబేజీ సలాడ్ దక్కాయి. ఆపిల్ గుజ్జు మీద కారప్పొడి చల్లుకుంటే అద్భుతంగా ఉంటుందని ప్రపంచంలో మొదట కనిపెట్టింది నేనే. ట్రేలో పులిహోర ఒక్క మెతుకు మిగల్లేదు. వచ్చే ఏడాది మళ్ళీ తెమ్మని అకార్డియన్ తాత సుభద్ర చేత మాట తీసుకున్నాడు.

ఏడున్నర రైలుకి తిరుగు ప్రయాణం. నా ఒళ్ళో డబ్బా. వాసన బోగీ అంతా అలుముకుంది. టికెట్లు చూడ్డానికి వచ్చిన కండక్టరు ఆగి, గట్టిగా పీల్చి, "చల్లారిపోతుంది. తినరేం?" అన్నాడు.

"సండే," అంది సుభద్ర నా బదులు. ఆయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, జాలిగా టికెట్ స్కాన్ చేసి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆవిడ డబ్బా తన ఒళ్ళోకి లాక్కుంది. "మీ మీద నమ్మకం లేదు." మూత వేలెడంత ఎత్తి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. "ఉప్పు తక్కువైంది. చింతపండు పులుసులో రెండు పొంగులు రానిస్తే సరిపోతుంది. మీరేదో త్యాగం చేశాననుకుంటున్నారు. ఆ హాల్లో మూడు గంటలు నేనెలా కూర్చున్నానో మీకేం తెలుసు?"

అప్పుడు గుర్తొచ్చింది, మా ఇద్దరిలో చేప పిచ్చి అసలు ఎవరిదో. కిటికీ బయట పొలాలు చీకట్లో కలిసిపోయాయి. బోగీ వెచ్చగా ఉంది, కడుపులో పులిహోర హాయిగా ఉంది, చేప మా దగ్గరే ఉంది.

"సుభద్రా, రేపు శనివారం రాత్రి పన్నెండు దాటితే ఆదివారమే కదా?"

ఆవిడ డబ్బా మూత బిగించి, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"అన్నం ముందే వండి పెడతాను," అంది.