గడువుకి ముందే వచ్చేసిన రఫూ వదిన

రఫూ వదినని చెల్లెలుండే దేశం వాళ్ళు వెనక్కి పంపించేశారన్నది పచ్చి అబద్ధం. ముందు ఆ ముక్క చెప్పేసుకుంటే తరవాత కథ నిమ్మళంగా చెప్పుకోవచ్చు. ఆఫీసర్లు ఇంటికొచ్చి లాక్కెళ్ళారనీ, విమానంలో పక్కనే పోలీసు కూర్చున్నాడనీ కూరగాయల బండి దగ్గర ఒకరు, మందుల షాపు ముందు ఇంకొకరు తలా ఒక చెయ్యి వేసి గోరంతని కొండంత చేశారు. ఆ పోలీసు మీసం ఎలా ఉందో కూడా చెప్పిన మహానుభావులున్నారు. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని అడుగుతారు. రాదు. నిప్పు ఉంది. కాకపోతే అది వీళ్ళు చూస్తున్న చోట లేదు, చాలా వెనక ఉంది.

వదిన అంటే ఎవరికి వదిన అని అడక్కండి, వీధి మొత్తానికీ వదినే. డ్రైక్లీనింగ్ కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే పైన ఆవిడ గది. కిటికీ కింద బల్ల, బల్ల మీద మెడ వంచుకున్న దీపం, ఒక భూతద్దం, అగ్గిపెట్టెలో సూదులు. మామూలు కుట్టుపని కాదు ఆవిడది, రఫూ పని. సిగరెట్ కాలిన కోటు, ఎలుక కొరికిన శాలువా, మేకు తగిలి చిరిగిన సూటు, ఇలాంటివి కింద కొట్లోంచి పైకొస్తాయి. వాటికి దారం బయట కొనరు. ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, ఆ పోగులతోనే చిరుగుని మళ్ళీ నేస్తుంది వదిన. పని అయ్యాక బట్టగలాయన వచ్చి, ఎక్కడమ్మా చిరిగింది అని తనే వెతుక్కుంటాడు. వదిన నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వొక్కటే ఆవిడ గర్వం.

ఈ పని వాళ్ళమ్మ నేర్పింది. నేర్పేటప్పుడు ఒక మాట పదే పదే చెప్పేదట. వేసుకునేవాడి చిరుగు వాడి సొంత గుట్టు, అది మనం ఎవరికీ చెప్పకూడదు. కానీ బట్ట అమ్ముడుపోతుంటే మాత్రం తిరగేసి, రఫూ చేసిన చోటు కొనేవాడికి చూపించాలి. పైనుంచి ఎంత బాగా అతికినా, తిరగేస్తే తెలిసిపోతుంది. వాడు ఇంటికెళ్ళి చూసుకునేకంటే మన చేతుల్లో ఉండగా చూడటమే మర్యాద. ఇద్దరు కూతుళ్ళూ ఈ మాట వింటూనే పెరిగారు. చిన్నదానికి వేళ్ళు కుదురుగా ఉండేవి కావు, పని రాలేదు. పెద్దదానికి వచ్చింది. అమ్మ పోయాక పెద్దదే చిన్నదాన్ని పెంచి పెళ్ళి చేసింది. తన పెళ్ళి మాట ఎవరన్నా ఎత్తితే ముందు చెల్లెలిది కానివ్వండి అనేది. చెల్లెలిదయ్యాక ఇంకెందుకులెండి అంది.

చెల్లెలి మొగుడు లారీ నడుపుతాడు. మనిషి మంచివాడే, కానీ బండెక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు. పెళ్ళవగానే ఇద్దరూ వేరే దేశం వెళ్ళారు. పురుడొచ్చే సమయానికి అక్క రావాలని చెల్లెలు పట్టుబట్టింది. వదిన వీసాకి పెట్టుకుంది. వేళ్ళ గుర్తులు తీసుకునే చోట యంత్రం ఎంతకీ పట్టలేదు. సూది పోట్లకి వేలికొసలు అరిగిపోయి ఉన్నాయి మరి. అక్కడి పిల్ల తడిగుడ్డతో తుడిచీ తుడిచీ, చివరికి ఎలాగో పట్టించింది. కొన్నాళ్ళకి జవాబొచ్చింది, ఇవ్వం అని. పెళ్ళి లేదు, సొంతిల్లు లేదు, జీతమిచ్చే యజమాని లేడు, ఈవిడ మళ్ళీ తిరిగెళుతుందని మాకు నమ్మకం లేదు అని కారణం.

నేనేమన్నా గోడ దూకి పారిపోయే మనిషిలా ఉన్నానా అని వదిన చాలా బాధపడింది. చెల్లెలికి ఫోన్లో చెప్పి ఇద్దరూ ఏడ్చారు. వీధిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కింద డ్రైక్లీనింగ్ కొట్టు పిన్నిగారు, జేబుల్లో దొరికిన చీటీలు చూసి ఇంటింటి సంగతీ చెప్పగల మనిషి, ఆవిడకి కూడా తెలియలేదంటే చూసుకోండి.

ఏళ్ళు గడిచాయి. చెల్లెలి కుటుంబం ఆ దేశం వదిలి ఇంకో దేశంలో స్థిరపడింది. పాపకి మాటలొచ్చాయి. ఫోన్లో పెద్దమ్మా, నువ్వు ఫోన్‌లోనే ఉంటావా, బయటికి రావా అని అడిగింది ఒకరోజు. అంతే, వదిన మళ్ళీ బయల్దేరింది. పాత పాస్‌పోర్టు గడువు అయిపోయింది, కొత్తది వచ్చింది. ఫారాలు నింపే జిరాక్స్ షాపతను ఒక్కొక్క ప్రశ్నా చదువుతూ, ఇంతకు ముందు ఏ దేశమైనా మీకు వీసా ఇవ్వనందా అని అడిగాడు.

వదిన కొత్త పాస్‌పోర్టుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ కాసేపట్లో ఆవిడ ఏమనుకుందో తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. కాదన్న దేశం వేరు, ఇప్పుడు అడుగుతున్న దేశం వేరు. పక్కింటివాడు తలుపు తియ్యకపోతే ఆ సంగతి ఎదురింటివాడికెందుకు? పాస్‌పోర్టు కొత్తది, మచ్చ లేదు, ముడత లేదు. చిరుగు కనిపిస్తే ఆవిడ చేతులు ఊరుకోవు కదా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్నది అదే. లేదని రాసెయ్ నాయనా అంది. అతనూ రాసేశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆవిడ అతికినట్టే ఆడింది.

కానీ ఈసారి వేళ్ళ గుర్తులు యంత్రం తొందరగానే పట్టింది. అవే వేళ్ళు. ఆ దేశానికీ ఈ దేశానికీ మాటలున్నాయనీ, ఎవరు ఎవర్ని కాదన్నారో ఒకరికొకరు చెప్పుకుంటారనీ వదినకేం తెలుసు? జవాబొచ్చింది. జిరాక్స్ షాపతనే చదివి చెప్పాడు, తల దించుకుని. మొదటిసారి వీసా రాకపోవడం నేరమేం కాదట. అప్పటి సంగతి ఉన్నదున్నట్టు రాసుంటే ఇప్పటి సంగతి ఇప్పుడు చూసేవాళ్ళమన్నారు. దాచావు కాబట్టి నీ మాట నమ్మం, కొన్నేళ్ళ దాకా మళ్ళీ అడగొద్దు అని రాశారు. చిన్న చిల్లు కప్పబోతే బట్ట నిలువునా చిరిగింది.

వదిన ఆ కాగితం మడిచి దాచేసింది. చెల్లెలికి ఏమని చెప్పాలి? అబద్ధం రాసి పట్టుబడ్డానని, బుద్ధులు చెప్పి పెంచిన నోటితో ఎలా చెప్పాలి? పని ఎక్కువగా ఉందని చెప్పింది. తరవాత నడుం నొప్పి అంది. ఆ తరవాత మోకాళ్ళు. అది కూడా రఫూయే. చెల్లెలు మొదట బతిమాలింది, తరవాత విసుక్కుంది, తరవాత అడగడం మానేసింది. ఫోన్లు పండక్కీ పబ్బానికీ అన్నట్టు అయిపోయాయి. పాప ఫోన్లో కనిపించి, పెద్దమ్మకి హాయ్ చెప్పు అని వెనకనుంచి అమ్మ అంటే, చెప్పి పారిపోయేది. వదిన బల్ల దగ్గర కూర్చుని ఎవరెవరివో చిరుగులు పూడుస్తూనే ఉంది. తన చిరుగు మాత్రం పెరుగుతూనే ఉంది.

అడగొద్దన్న ఏళ్ళు ఎలాగో గడిచాయి. అయినా వదిన మళ్ళీ ఆ ఫారం జోలికి పోలేదు. పోయేది కూడా కాదు, మరిది ఫోన్ చెయ్యకపోతే. చెల్లెలికి గర్భసంచి తియ్యాలన్నారట. తీశాక బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు, నెలల పాటు ఒక మనిషి ఉండాలి. వదినా, నేను బండి మీద పోకపోతే ఇల్లు గడవదు, నువ్వు రానంటే నేను ఇంకెవర్ని అడగను, నాకింకెవరున్నారు అన్నాడు.

చెల్లెలు ఫోన్ తీసుకుంది. గొంతులో పాత కోపం అలాగే ఉంది.

"ఈసారి ఏ నొప్పి చెప్తావే అక్కా? నడుమా, మోకాలా?"

"నొప్పి కాదే. నేను అబద్ధమాడాను."

మొదలుపెట్టాక వదిన ఆగలేదు. ఫారంలో ప్రశ్న, తను చెప్పిన జవాబు, వాళ్ళు రాసింది, తను ఇన్నేళ్ళూ కప్పిపుచ్చింది, అంతా చెప్పేసింది.  

"అంటే నువ్వు రానన్నది కాదా?" అంది చెల్లెలు. "వాళ్ళు రానివ్వలేదా?"

"రానివ్వకుండా నేనే చేసుకున్నాను."

"నేను ఇన్నేళ్ళూ నీ మీద అలిగి కూర్చున్నానే. అంత అలకా దండగైపోయింది కదే." నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కాసేపటికి ముక్కు చీదుకుని, "అమ్మేం చెప్పేది? అమ్ముడుపోయే బట్ట ఎలా ఇవ్వాలి?" అని అడిగింది.

"తిరగేసి."

"మరి తిరగేసి ఇవ్వు."

ఈసారి జిరాక్స్ షాపతను ఆ ప్రశ్న దగ్గరికి రాగానే తలెత్తి చూశాడు. రెండుసార్లు కాదన్నారని రాయి, మొదటిది ఎవరు, రెండోది ఎవరు, రెండోసారి నేను దాచానని కూడా రాయి అంది వదిన. దాచానని మనమే రాయడం ఎందుకు వదినా అన్నాడు. వాళ్ళకి తెలుసు నాయనా, నా తప్పు నాకు తెలుసని వాళ్ళకి తెలియాలి అంది. తిరిగొస్తుందని రుజువు కావాలంటే, డ్రైక్లీనింగ్ పిన్నిగారు ఒక ఉత్తరం రాసిచ్చింది. పిన్నిగారికి ఆ పూటే సంగతంతా తెలిసింది, ఇన్నాళ్ళూ తెలియనందుకు ఆవిడకి కలిగిన బాధ అంతా ఇంతా కాదు. ఆ బాధలోనే రాసింది. ఈవిడ తిరిగి రాకపోతే నా కొట్టు మూసుకోవాల్సిందే, కోట్లన్నీ ఈవిడ దగ్గరే ఉన్నాయి, కోట్లవాళ్ళు నా పీక పట్టుకుంటారు, కాబట్టి దయచేసి తొందరగా పంపండి అని.

మామూలుగా కాగితాలు చూసి తేల్చేస్తారట, వదినని మాత్రం పిలిపించారు. ఒకసారి దాచిన మనిషికి అదే శిక్ష. అద్దానికి అవతల చిన్న వయసు ఆఫీసరమ్మ, పక్కన మన మాట ఆవిడకీ, ఆవిడ మాట మనకీ మార్చి చెప్పే ఒకతను. ఆవిడ కాగితం తిప్పుతూ, రెండోసారి ఎందుకు దాచారని అడిగింది. సిగ్గుపడి, అంది వదిన. ఒకసారి అబద్ధం రాసిన మనిషి మాట మేమెలా నమ్మాలి అంది ఆవిడ. పక్కనతను ఆ మాట కొంచెం మెత్తగా చెప్పబోయాడు గానీ, వదినకి ఆవిడ మొహంలోనే తెలిసిపోయింది.

"ఇప్పుడు నమ్మమని అడగనమ్మా. చెప్పిన రోజుకి తిరిగొస్తాను. అప్పుడు నమ్మండి."

పక్కనతను అది చెప్పాడు. తరవాత పిన్నిగారి ఉత్తరం చదివి చెప్పాడు, నవ్వు ఆపుకోలేక రెండుసార్లు దగ్గాడట. ఆఫీసరమ్మ నవ్వలేదు. వెళ్ళమంది.

వీసా వచ్చింది. అడిగినంత కాలానికి కాదు, తగ్గించి ఇచ్చారు. ఇచ్చినదే పదివేలనుకుని వదిన వెళ్ళింది.

అక్కడ ఏం చేసిందో వేరే చెప్పాలా? చెల్లెల్ని మంచం దిగనివ్వలేదు. వంట, గుడ్డలు, పాపని బడికి దింపడం, తీసుకురావడం. ఖాళీ దొరికితే మరిది చలికోటు చేతుల దగ్గర పోయిన చోట్లన్నీ పూడ్చింది. అతను తోటి డ్రైవర్లకి చూపిస్తే వాళ్ళూ తమవి తెచ్చారట. మొదట్లో పాప దగ్గరికి రాలేదు, గుమ్మంలో నిలబడి చూసేది. పెద్దమ్మ సూదిలో పోగు ఎక్కిస్తుంటే చూడటానికి ఒక అడుగు, పోగు తను ఎక్కిస్తానని ఇంకో అడుగు, అలా వచ్చి ఒడిలో కూర్చుంది. ఇక దిగలేదు.

బడిలో నాటకం పెట్టారు. పాపది కుందేలు వేషం. చెవులు పెద్దమ్మే కుట్టాలంది, కుట్టింది. లోపల తీగ పెట్టి, ఒక చెవి నిలబడేలా, ఒకటి వాలేలా. నాటకం రోజు చూస్తే, వీసా గడువు ముగిసేదానికి కొంచెం ముందు. చూసి బయల్దేరొచ్చు. కానీ ఆ తరవాత విమానం దొరికేది సరిగ్గా గడువు ముగిసే రోజుకే. ఆ కాలంలో అక్కడ పొగమంచు, విమానాలు ఆగిపోతుంటాయి. ఏమీ కాదక్కా, ఒక్కరోజు ఆలస్యమైతే మంచు వల్లే అని చెప్పుకోవచ్చు అంది చెల్లెలు. మరిది కూడా అదే మాట. పాప కుందేలు చెవులు పెట్టుకుని తిరుగుతోంది.

వదిన నాటకానికి వారం ముందే విమానమెక్కింది.

ఆవిడ పెట్టె మెట్లమీద ఈడ్చుకుంటూ ఎక్కిన సాయంత్రమే వీధిలో మొదలైంది. గడువుందని చెప్పారు కదా, అప్పుడే వచ్చేసిందేం, పంపించేసుంటారు. పాత కథ పిన్నిగారికి తెలుసు కదా, పిన్నిగారికి తెలిస్తే ఇంకెవరికి తెలియదు, దాంతో కథకి కాళ్ళొచ్చాయి. అది వదిన చెవినా పడింది. తను లేనప్పుడు పోగుపడిన కోట్లన్నీ ముందేసుకుని కూర్చుంది.

నాటకం రోజు వచ్చింది. మరిది ఫోన్లో వీడియో తీసి పంపాడు. తలలు అడ్డొచ్చి, చెయ్యి వణికి, కుందేలు కంటే ముందు కూర్చున్నవాళ్ళ జుట్టే ఎక్కువ కనిపించింది. వాలిన చెవి మాత్రం ఒకసారి స్పష్టంగా కనిపించింది. అదే సమయానికి పిన్నిగారు ఒక కోటు వంకతో పైకొచ్చింది. వదిన కళ్ళు తుడుచుకోవడం చూసింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"నిన్నెవరూ పంపలేదని నాకు తెలుసులే. మరి ఎందుకొచ్చేశావే? ఇంకొన్నాళ్ళుండి పాప నాటకం చూసి రావచ్చుగా?"

వదిన ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కోటు అందుకుని, చిరుగు ఎక్కడుందో వేలితో వెతికింది.

"ఒక్క కుందేలు వేషం చూస్తే సరిపోతుందా పిన్నీ? అది పెద్దదవ్వాలి, చదువవ్వాలి, పెళ్ళవ్వాలి. అన్నిటికీ నేను వెళ్ళాలి. అందుకే వచ్చేశాను."