నిజం పేర్లతో టెస్టింగు

చెన్నై పక్క మనలిలో పెట్రోలియం సరుకు నిలవచేసే ఒక ఫ్యాక్టరీలో నేను పర్మిట్ క్లర్కుని. ట్యాంకులోకి మనిషి దిగాలన్నా, పక్కన నిప్పు పెట్టి వెల్డింగు చేయాలన్నా ముందు నా కిటికీ దగ్గరికి రావాలి. ఏ ట్యాంకు, ఏ పని, ఎవరెవరు దిగుతారు, ఎన్ని గంటలకు బయటికి వస్తారు, అన్నీ నేను కాగితం మీద రాస్తాను. సేఫ్టీ ఆఫీసరు సంతకం పెడతారు. అప్పుడే మనిషి దిగాలి. ఇరవై రెండేళ్లుగా వాషర్‌మెన్‌పేట నుంచి బస్సెక్కి వచ్చి చేస్తున్నది ఇదే. ఇన్నేళ్లలో నేనేం పని చేస్తున్నానో నాకెప్పుడూ అనుమానం రాలేదు.

పోయిన ఏడాది ఒక్క వారంలో నాకు నాలుగు ఉద్యోగాలు వచ్చిపడ్డాయి. ఏది నాదో, ఏది కాదో తెలియక తల తిరిగింది.

పర్మిట్లన్నీ ఫోన్లోకి మార్చాలని కంపెనీవాళ్లు అనుకున్నారు. దానికి ప్రోగ్రాం రాసే ఇంజనీర్లు అక్కర్లేదట. లో-కోడ్ అని ఒకటి ఉందట. తెర మీద గళ్లూ బటన్లూ తయారుగా ఉంటాయి, కావలసినవి లాగి పెట్టుకుంటే యాప్ అయిపోతుంది. ఇది నేర్పడానికి పాత మహాబలిపురం రోడ్డులోని ఒక ఆఫీసు నుంచి గుంటూరు అమ్మాయి వచ్చింది. వయసు నాలో సగం ఉంటుంది. వచ్చీరాగానే, "మేడమ్, ఈ ప్రాజెక్టులో సిటిజన్ డెవలపర్ మీరేనండి" అంది.

"అట్లైతే ఇన్నాళ్లూ నేను సిటిజన్ కాదా అమ్మా? మా తాతల తాతలు కూడా ఈడనే పుట్టినారే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. కోడింగ్ చదవకుండా తన పనికి తానే యాప్ చేసుకునే ఉద్యోగిని అలా అంటారని ఓపిగ్గా చెప్పింది. మా ప్లాంటు మేనేజరు ప్రొడక్ట్ ఓనరట. ఆయన ఆ ప్రొడక్ట్ ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. మా పని అడిగి తెలుసుకుని రాసుకునే ఈ అమ్మాయి బిజినెస్ అనలిస్టు. గళ్లు అమర్చేవాళ్లు మేకర్, తాళాలన్నీ చేతిలో ఉన్నవాళ్లు అడ్మిన్, సరేనని బటన్ నొక్కేవాళ్లు అప్రూవర్, చివర్లో దాన్ని వాడేవాళ్లు ఎండ్ యూజర్. ఇవన్నీ నోటుబుక్కులో తెలుగులో రాసుకుని బస్సులో బట్టీపట్టాను. పక్క సీటు ఆవిడ నేనేదో మంత్రం చదువుకుంటున్నాననుకుని కొంచెం జరిగి కూర్చుంది.

మర్నాడు అమ్మాయిని అడిగాను. "ఇందులో నేను ఎవుర్నమ్మా?"

"అన్నీ మీరేనండి. టెస్టింగ్ కోసం రోల్స్ అన్నీ మీ పేరుకే ఇచ్చాను."

అన్నీ నువ్వే అని దేవుడి ముందు నిలబడి అంటారు గానీ, ఒక గుమస్తాతో అనడం వినడం అదే మొదటిసారి. తలూపి కూర్చున్నాను. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నామోషీ మీదే నాకు కోపం.

పని ఏ వరసలో నడుస్తుందో గళ్లుగా గీసేదాన్ని వర్క్‌ఫ్లో అంటారు. పర్మిట్ అడగడం ఒక గడి, నేను రాయడం ఒక గడి, సంతకం ఒక గడి, మంజూరైందని మేస్త్రి ఫోనుకు మెసేజ్ పోవడం ఆఖరి గడి. సంతకం గడి దగ్గర నా చెయ్యి ఆగింది. మా సేఫ్టీ ఆఫీసరు సంతకం టేబుల్ దగ్గర కూర్చుని పెట్టే మనిషి కాదు. కాగితం జేబులో పెట్టుకుని ట్యాంకు దాకా నడుస్తారు. గ్యాస్ మీటరును తాడు కట్టి లోపలికి దింపుతారు. లోపల విషగాలి లేక అది మోగకుండా ఉంటే, కాగితాన్ని ఆ ట్యాంకు మూత మీదే పెట్టి సంతకం చేస్తారు. అందుకే మా పాత పర్మిట్లన్నిటికీ తుప్పు మరకలుంటాయి. గుంటూరు అమ్మాయి అవి చూసి స్కానింగు బాగాలేదనుకుంది.

"సారు నడిచి పొయ్యేది ఏ గడిలో పెట్టేది?" అని అడిగాను.

"అది అప్రూవల్‌లోనే వచ్చేస్తుందండి మేడమ్. నడవడం వేరే స్టెప్ కాదు కదా."

చదువుకున్న పిల్ల చెప్పింది, నిజమే అయివుంటుందనుకున్నాను. ఆ సాయంత్రం ఆఫీసరు వచ్చి తెరలోకి తొంగిచూశారు. "నన్ను యాడ పెట్టినావమ్మా?" అన్నారు. పచ్చ బటన్ చూపించాను. "ఇంతేనా నేను?" అని నవ్వి వెళ్లిపోయారు. నాకూ నవ్వొచ్చింది.

ఆ వారంలోనే ట్యాంకులు కడిగే కూలీలందరికీ వాళ్ల షెడ్డులో క్లాసు పెట్టారు. ఇకమీదట కాగితం ఉండదు, పర్మిట్ ఫోనుకే వస్తుంది అని చెప్పారు. ఏ రోజు నుంచి అన్నది చెప్పారో లేదో నాకు తెలియదు.

తర్వాత టెస్టింగు. డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ అని ఒకటి, ప్రొడక్షన్ అని ఒకటి ఉంటాయట. మొదటిది ఆడుకునే చోటు, రెండోది అసలు చోటు. ఆడుకునే చోట ఏం చేసినా బయటికి పోదని అమ్మాయి భరోసా ఇచ్చి, ఒక పర్మిట్ నింపి చూపించింది. ట్యాంకు నంబరు ఒకటి రెండు మూడు, మేస్త్రి పేరు ఏబీసీ, ఫోన్ నంబరు వరసగా తొమ్మిదులు. నాకు ఒళ్లు మండింది. లేని మనిషి పేరు పర్మిట్ మీద రాయకూడదని నేర్చుకుని ఈ కుర్చీలోకి వచ్చినదాన్ని. ఏదైనా జరిగితే లోపల ఎవరున్నారో చెప్పేది ఆ కాగితమే. దొంగ పేరు రాయడానికి నా చెయ్యి రాలేదు. అందుకని నా వంతు వచ్చినప్పుడు నిజమైనవే రాశాను. ఆ వారం కడగాల్సిన పద్నాలుగో నంబరు ట్యాంకు. దాని కోసం షెడ్డులో ఎదురుచూస్తున్న మేస్త్రి పేరు. నాకు కంఠతా వచ్చిన అతని ఫోన్ నంబరు. అప్రూవర్ కూడా నేనే కాబట్టి పచ్చ బటన్ నేనే నొక్కాను. తెర మీద పచ్చగా 'అప్రూవ్డ్' అని వచ్చింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

రెండు నిమిషాల్లో నా ఫోన్ మోగింది. మేస్త్రి. గుమ్మిడిపూండి వైపు తెలుగాయన, నన్ను అక్కా అంటాడు. "మెసేజ్ వచ్చిందక్కా, పోతా ఉండాం" అని పెట్టేశాడు.

ఏ మెసేజ్ అని నేను అడిగేసరికి అవతల ఎవరూ లేరు. మళ్లీ చేశాను. మోగుతూనే ఉంది. ట్యాంకుల వైపు ఫోన్లు తీసుకుపోకూడదు, షెడ్డు లాకర్లో పెట్టి పోవాలి. అమ్మాయి వైపు తిరిగాను. ఆమె ముఖం తెల్లబోయింది.

"మీరు నిజం నంబరు పెట్టారా మేడమ్?"

"మరి దొంగ నంబరు పెడతానా?"

"మెసేజులు పంపే కనెక్టర్ టెస్టుకీ అసలుదానికీ ఒకటేనండి. మార్చడం మర్చిపోయాను."

నాకు అర్థమైంది ఒక్కటే. పద్నాలుగో ట్యాంకు లోపల గాలి ఎలా ఉందో ఇంకా ఎవరూ చూడలేదు. కంట్రోల్ రూముకు ఫోన్ చేసి అరిచాను. ఆఫీసరు ప్లాంటుకు ఆ చివర ఉన్నారు, చెప్తామన్నారు. నేను ఆగలేదు. చెప్పులతోనే పరిగెత్తాను. యాభై ఏళ్ల మనిషిని, చీరకట్టు. ఎందుకు పరిగెత్తుతున్నానని దారిలో ఒకరిద్దరు అడిగారు. ఏం చెప్పను? ఆడుకునే చోట నేను నొక్కిన బటన్‌కి అసలు చోట మనిషి ట్యాంకులోకి దిగుతున్నాడని చెప్తే ఎవరికి అర్థమవుతుంది?

నేను చేరేసరికి మేస్త్రి నడుముకు తాడు కట్టుకుని ఒక కాలు లోపల పెట్టి ఉన్నాడు. గాలి తోసే బ్లోయరుకు ప్లగ్గు సరిపోలేదని ఇంకొకడు వేరేది తేవడానికి పోయాడు. అందుకోసం ఆగాడు, అంతే. అతని చొక్కా పట్టుకుని లాగాను.

"ఏమక్కా, ఏమైంది?"

"బయటికి రా. సారు వచ్చి చూసినాడా?"

"లేదే. ఇంక ఫోన్లోనే వస్తాదని క్లాసులో చెప్పినారు కదా. మంజూరు చేసింది ఎవురా అని చూస్తే కింద నీ పేరుండాది. నువ్వు తప్పు రాస్తావా?"

అక్కడే నేల మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆఫీసరు రొప్పుతూ వచ్చారు. ఎవరినీ ఏమీ అడగకుండా మీటరును తాడుతో లోపలికి దింపారు. సగం దూరం పోకముందే అది కీచుమని మోగడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని వెంటనే పైకి లాగలేదు. మా అందరినీ విననిచ్చారు. మేస్త్రి తన నడుము తాడు తనే విప్పుకున్నాడు.

తర్వాత మీటింగులో మేనేజరు దీన్ని కమ్యూనికేషన్ గ్యాప్ అన్నారు. అమ్మాయి తన తప్పేనని ఏడ్చింది. బటన్ నొక్కింది నేనని చెప్పాను. ఏ రోల్‌లో నొక్కారని ఒకాయన అడిగాడు. మేకరుగానా, అప్రూవరుగానా అని. నాకు నిజంగా తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నా పేరులోంచి అప్రూవర్ తీసేయమన్నాను, తీసేశారు. రెండు చోట్ల మెసేజులూ విడగొట్టారు. ట్యాంకు మూత మీద ఒక స్టిక్కర్ అంటించి, ఆఫీసరు అక్కడికి వచ్చి దాన్ని స్కాన్ చేస్తేనే పచ్చ బటన్ పనిచేసేలా గుంటూరు అమ్మాయి మార్చింది. నడక అనే గడిని నేనే గీశాను.

యాప్ నిజంగా మొదలైన రోజు పొద్దున, ఆఫీసరు స్కాన్ చేసి వచ్చాక, మేస్త్రి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఫోన్ లోపలికి చాచాడు.

"అక్కా, ఇది నిజం పర్మిట్టా, టెస్టుదా?"

ఇన్నాళ్లూ నేనిచ్చిన కాగితాన్ని విప్పి కూడా చూడకుండా జేబులో పెట్టుకుని పోయే మనిషి అతను. నిజందేనని చెప్పాను. తలూపాడు గానీ కిటికీ దగ్గర్నుంచి కదలలేదు. నేను లేచి, హెల్మెట్ పెట్టుకుని, అతనితో ట్యాంకు దాకా నడిచాను.