ఆషాఢానికీ ఆడికీ మధ్య ఒక గడప

మా పెళ్ళిచూపుల్లో వాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలకంటే మేము వాళ్ళను అడగని ప్రశ్నలే ఎక్కువ. అబ్బాయి చదువు, ఉద్యోగం, ఎత్తు, అలవాట్లు అన్నీ ఆరా తీసిన మా నాన్నకు "మీ ఇంట్లో ఏ క్యాలెండరు వేలాడుతుందండీ?" అని అడగాలని తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను గోడలు చూడలేదు, అబ్బాయిని చూశాను. తప్పు నాదే.

మాది కావలి దగ్గర పల్లె. వాళ్ళది తిరుత్తణి. "అరవదేశం కదా" అని మా అమ్మ నసిగితే, సంబంధం తెచ్చిన దూరపు బంధువు ఒకాయన, "పేరుకే అరవదేశం. ఇంట్లో అంతా తెలుగే. విజయనగర రాజుల కాలంలో పోయి స్థిరపడినోళ్ళు. మనకంటే పాత తెలుగు" అని హామీ ఇచ్చాడు. పాత తెలుగంటే అందరూ పద్యాల్లో మాట్లాడుకుంటారేమోనని నాకు లోపల దడ. కాపురానికొచ్చిన మొదటి పూటే మా అత్త, "యాడ పెట్టినావు పాపా ఆ తట్ట?" అని అడిగింది. హమ్మయ్య, వచనమే అనుకున్నాను.

ఆ ధైర్యం పది నిమిషాలే నిలిచింది. అదే నోటితో ఆవిడ పాలావిడను తమిళంలో కేకలేసింది. కేకల మధ్యలో నావైపు తిరిగి తెలుగులో నవ్వింది. మళ్ళీ తమిళంలోకి వెళ్ళిపోయింది. తెలుగిల్లు ఒకటి, తమిళ వీధి ఒకటి, మధ్యలో ఒక గోడ ఉంటుందని ఊహించుకుని వచ్చిన దాన్ని నేను. ఇక్కడ గోడ లేదు. పెరుగన్నంలో పెరుగెక్కడ, అన్నమెక్కడ అని వెతుక్కున్నట్టయింది నా పని.

మా ఆయన తిరువళ్ళూరులో ఒక బ్యాంకులో పనిచేస్తాడు. పొద్దున్నే రైలెక్కి సాయంత్రానికి వస్తాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ తెలుగు అక్షరం ముక్క రాదు. ఆ ఇంట్లో ఎవరికీ రాదు. పేపరు తమిళం, కరెంటు బిల్లు తమిళం, గోడమీది క్యాలెండరు తమిళం. దాంతో నా బతుకు విచిత్రంగా తయారయింది. గడపకు ఇవతల తెలుగు చదవగలిగిన ఏకైక పండితురాలిని. అవతల బస్సు బోర్డు కూడా చదవలేని నిరక్షరాస్యురాలిని. వీధిలో వాళ్ళకు నేను "ఆంద్రా పాప". మా ఊరికి ఫోన్ చేస్తే అక్కడి చుట్టాలకు "అరవోళ్ళ కోడలు". రెండు పేర్లున్నాయి గానీ రెంటిలోనూ ఊరు నాది కాదు.

ఇంతలో ఆషాఢం వచ్చింది.

కొత్త కోడలు ఆషాఢంలో అత్తారింట్లో ఉండకూడదు కాబట్టి అమావాస్య వెళ్ళగానే మా అన్న వచ్చి నన్ను తీసుకుపోయాడు. మా అత్త అభ్యంతరం చెప్పలేదు. వాళ్ళకూ ఆ ఆచారం ఉంది. కాకపోతే వాళ్ళు దాన్ని ఆడి నెల అంటారు. "ఆడి ముగించుకొని రా పాపా" అని పంపింది. ఆడి అంటే ఆషాఢమే కదా అని మా అమ్మ. ఇంకా మూడు వారాలుండగానే తీసుకుపోతున్నారు, తల్లికి బెంగ కాబోలు అని మా అత్త.

మన నెల అమావాస్యను చూసుకుని నడుస్తుంది. వాళ్ళ నెల సూర్యుణ్ణి చూసుకుని నడుస్తుంది. మా ఆషాఢం మొదలైన మూడు వారాలకు గానీ వాళ్ళ ఆడి మొదలుకాదు. మాది ముగిసిన మూడు వారాలకు గానీ వాళ్ళది ముగియదు. ఈ సంగతి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అప్పుడు రెండిళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఎవరి సూర్యచంద్రులతో వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

పైగా ఆడి ఒకటో తేదీన కొత్తల్లుణ్ణి పిలిచి విందు పెట్టడం వాళ్ళ మర్యాద. ఆషాఢంలో అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదన్నది మా మర్యాద. వాళ్ళు పిలుపు కోసం ఎదురుచూశారు. మేము పిలవకుండా పద్ధతి పాటించాం. అట్లా మర్యాదగా ఇరువైపులా మూతులు ముడుచుకున్నాయి. మా ఆయన్ను ఫోనులో అడిగితే, "అదంతా పెద్దోళ్ళు చూసుకుంటారు లే" అన్నాడు.

పుట్టింట్లో నెల రోజులు హాయిగా ఉంటాననుకున్నాను. నా గదిలో వేరుశనగ బస్తాలు పేర్చి ఉన్నాయి. "నువ్వెట్లాగూ ఉండవు గదా అని" అన్నాడు అన్న. బస్తాల పక్కన చాప వేసుకున్నాను. శ్రావణం దగ్గరపడేసరికి అమ్మ నా పెట్టె తనే సర్దేసింది. "మొదటి శ్రావణ శుక్రవారం అత్తారింట్లో ఉండాలి. ఇక్కడుంటే నలుగురూ నాలుగు మాటలంటారు." అదే ముక్క మా అత్తకు ఫోనులోనూ చెప్పింది, శ్రావణం రాగానే పంపిస్తామని. "సరి సరి, ఆవణి రాంగానే" అంది ఆవిడ. శ్రావణమే పళ్ళూడి ఆవణి అయిందనుకుంది మా అమ్మ. అది వాళ్ళకు ఆడి దాటాక వచ్చే నెల.

శుక్రవారం పొద్దున పదిన్నరకు మా అన్నా నేనూ తిరుత్తణిలో దిగాం. ఒక పెట్టె, ఒక సంచీ, సున్నుండల డబ్బా, అరిసెల డబ్బా. ఇంటిముందు ఆటో ఆగగానే మా అత్త బయటకొచ్చింది. ముఖంలో సంతోషం ఉంది. కాళ్ళు మాత్రం గడప దగ్గరే ఆగిపోయాయి.

"ఏం పాపా, ఇప్పుడే వచ్చేస్తివి?"

"శ్రావణం వచ్చింది గదత్తా" అన్నాను.

"యాడొచ్చింది? ఆడి ఇంకా మూడు వారాలుండాదే!"

లోపల్నించి అవ్వ, అంటే మా ఆయన నాయనమ్మ, గోడమీది క్యాలెండరును మేకుతో సహా పీక్కొచ్చింది. ఆమెకు చదువు రాదు గానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి మా అన్న ముక్కు కింద చూపించింది.

"చూడు తంబీ. ఆడి తొమ్మిది. ఈ రోజు తొమ్మిది. ముప్పై ఒకటి దాకా పిల్ల ఇంట్లోకి రాగూడదు."

మా అన్నకు ఒళ్ళు మండింది. "ఇదేందత్తా ఇదీ! ఆషాఢం నిన్ననే పోయె. మళ్ళీ ఇంకో ఆషాఢం యాడ్నించి తెస్తారు?"

"మేమెందుకు తెస్తాం అబ్బాయా? అది దానంతట అదే వస్తాది, ఏటేటా!" అంది మా అత్త.

"ఎందుకవ్వా రాకూడదు?" అన్నాను నేను.

"ఎందుకేందే? ఆడిలో కడుపు పడితే చిత్తిర నెలలో కాన్పు. చిత్తిర ఎండ నువ్వు చూసినావా? మా ఆడబిడ్డ చూసింది. అడుగు పో."

"చచ్చిపోయిన మనిషిని యాడ అడిగేది అత్తా?" అంది మా అత్త.

నవ్వు రాలేదు నాకు. మనిషికి ఒక ఊరన్నా ఉండాలి, లేకపోతే ఒక నెలన్నా ఉండాలి. నాకు ఆ పూట రెండూ లేవు. ఎదురింటావిడ గేటుమీద మోచేతులు ఆనించి చూస్తోంది. మా అన్న పెట్టె మళ్ళీ ఎత్తుకున్నాడు. "పద, పోదాం. రమ్మన్నప్పుడే వద్దాం." ఆ మాట విన్నాక నాకు ఒకటే కనిపించింది, బస్తాల పక్కన చాప. వెనక్కి పోతే నలుగురికీ నాలుగు మాటలు దొరుకుతాయి, మా అమ్మకు నిద్రుండదు. ఇవాళ తిరిగిపోయిన కోడలు ఈ వీధిలో ఎప్పటికీ తిరిగిపోయిన కోడలే.

వాకిట్లో తిన్నె మీద కూర్చున్నాను. డబ్బాలు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"నేను పోనన్నా. ఇంట్లోకి రాకూడదంటే రాను. ఈ తిన్నె మీదే ఉంటాను. మూడు వారాలే గదా."

ఇది తెగువ కాదు. డబ్బాలు మోసి మోసి చేతులు లాగితే కూర్చున్నాను. కూర్చున్నాక ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. గడప దగ్గర మొత్తం అరగంట గడపడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు.

మా అత్త నన్ను చూసింది, క్యాలెండరును చూసింది, ఎదురింటి గేటును చూసింది. తర్వాత అవ్వను అడిగింది.

"అత్తా, ఆడిలో మొగుడూ పెండ్లామూ ఒక కప్పు కింద ఉండగూడదు. అంతేగదా?"

"అంతే."

"పెండ్లామే పోవల్లని యాడన్నా ఉండాదా?"

అవ్వ క్యాలెండరును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎప్పుడూ అట్లనే జేస్తిమి."

"చేస్తిమిలే. ఉండాదా అని అడుగుతున్నా."

"…లేదు."

"అయితే వాడు పోనీ." నావైపు తిరిగింది. "ఏం పాపా, తిన్నె మీద కాపురమా? లెయ్. ఆ డబ్బాలో ఏముండాయి?"

మా అన్న భోంచేసి మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయాడు. "ఏం మనుషులో ఏమో" అని నాకు మాత్రమే వినిపించేట్టు అన్నాడు గానీ వడ్డించినవన్నీ మారు అడిగి మరీ తిన్నాడు.

సాయంత్రం మా ఆయన చేతిలో మల్లెపూల పొట్లంతో, ముఖంలో నెల రోజుల ఎదురుచూపుతో వచ్చాడు. తిన్నె మీద ఆయన సంచీ సర్ది ఉంది. నాలుగు చొక్కాలు, దువ్వెన, గీసుకునే రేజరు.

"ఏం మా ఇది?" అన్నాడు తల్లితో.

"తిరువళ్ళూరికి పో. మీ మామకు చెప్పినాను. ఆఫీసు పక్కనే, రైలు పని కూడా లేదు."

"ఇది నా ఇల్లు మా!"

"అవును రా, నీదే. యాడికి పోయినా నీదే. అందుకే నువ్వు పోవచ్చు. అది ఇప్పుడు పోయిందంటే మళ్ళీ వచ్చేటప్పుడు కొత్తగానే వస్తాది."

ఆయన నావైపు చూశాడు. నేను గడపకు లోపల నిలబడి ఉన్నాను, జాలిగా ముఖం పెట్టడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తూ. పూల పొట్లం గడపమీంచి అందించి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు పాపం. ఎదురింటావిడ గేటు దగ్గర మరో ఇద్దరు చేరారు.

ఆ మూడు వారాలు మా పంచాంగంలో శ్రావణం, వాళ్ళ క్యాలెండరులో ఆడి. నేను రెంటి సందులో కాపురం పెట్టాను. మొగుడు లేని అత్తారిల్లు గొప్ప బడి అని అప్పుడే తెలిసింది. ఆయనుంటే ప్రతి మాటకూ "ఏమంటున్నారు?" అని మోచేత్తో పొడిచి అడిగేదాన్ని. పొడవడానికి మోచెయ్యి అందుబాటులో లేకపోయేసరికి చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి. అత్తతో కూరగాయల బజారుకు వెళ్ళాను. బేరం మొదలు తమిళంలో నేర్చుకున్నాను, తిట్లు తర్వాత. అవ్వ దగ్గర తమిళ అంకెలు నేర్చుకుని, ఆమెకు తెలుగు అక్షరాలు నేర్పబోయాను. "ఈ వయసులో నాకెందుకే ఈ జిలేబీలు" అని ఆమె పలక పక్కన పెట్టేసింది. మా మామగారు మాత్రం తన పేరు తెలుగులో రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొలానికి వెళ్ళేవాడికి అదెందుకో ఎవరూ అడగలేదు.

మా ఆయన రోజూ ఫోన్ చేసేవాడు. తన మేనమామ ఇంట్లో ఉప్మా తప్ప వండరట. "నేనిక్కడ పరాయివాణ్ణయిపోయాను" అన్నాడొకసారి. అలవాటవుతుందని చెప్పాను. అనుభవం మీద చెప్పాను.

ఆడి చివరిరోజున ఆ ఏడు కృత్తిక పడింది. తిరుత్తణిలో ఆడి కృత్తికంటే ఊరు ఊరంతా కొండమీది గుడివైపు కదులుతుంది. కావళ్ళు భుజాన వేసుకుని, పసుపు బట్టలు కట్టుకుని తెల్లవారకముందే జనం మా వీధిగుండా పోతున్నారు. ఏటా మా ఇంటిముందు మజ్జిగ పోస్తారు. ఆ ఏడు గరిటె నా చేతికిచ్చింది అత్త. "నువ్వు రెండు భాషల్లో పోస్తావు" అంది.

పోశాను. తమిళంలో అడిగిన వాళ్ళకు తమిళంలో, తెలుగులో అడిగిన వాళ్ళకు తెలుగులో. ఎండ ఎక్కాక నెల్లూరు వైపు గుంపు ఒకటి వచ్చింది. మాట వినగానే మా వైపు వాళ్ళని తెలిసిపోయి నా ప్రాణం లేచొచ్చింది. "మెట్ల దారి ఎటమ్మా?" అని అడిగారు. నేను సంతోషంకొద్దీ రెండు సందులు, ఒక మలుపు, ఎక్కడ చెప్పులు వదలాలి, ఎక్కడ వదిలితే మళ్ళీ దొరకవు, అన్నీ వివరంగా చెప్పాను. నాలుగడుగులు వేశాక వాళ్ళలో పెద్దావిడ పక్కామెతో అంటోంది.

"అరవామె అయినా తెలుగు భలే మాట్లాడతందే!"

"మాట్లాడదా మరి, పక్కనే గదా" అంది రెండో ఆమె.

గరిటె చేతిలోనే ఉండిపోయింది. పిలిచి, అమ్మా మాది కావలి, అని చెబుదామని నోటిదాకా వచ్చింది. వెనకున్న మనిషి "మోరు, మోరు" అని గ్లాసు చాపాడు. మజ్జిగ అడుగుతున్నాడు. అతని గ్లాసు నింపేలోపు వాళ్ళు మలుపు తిరిగారు, నేను చెప్పిన దారినే. దారి సరిగ్గానే చెప్పాను. అది చాలనిపించింది. ఎవరి లెక్కలో ఎవరినైనా, ఈ ఊళ్ళో దారి అడిగితే చెప్పగలిగిన మనిషిని నేను.

ఆ వరసలోనే పది మంది వెనక మా ఆయన కనిపించాడు. కొంచెం చిక్కాడు. తన ఇంటిముందు తనే గ్లాసు పట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. వంతు వచ్చాక మజ్జిగ తాగి, గొంతు తగ్గించి, "ఈ రోజుతో ఆడి సరి. రేపు ఎన్నింటికి రావచ్చు?" అని తల్లిని అడిగాడు.

మా అత్త ఉప్పు కలుపుతూ తలెత్తలేదు. "నన్నడిగితే? దాన్నడుగు."

ఆయన నావైపు తిరిగాడు. వెనక వరస పెరుగుతోంది.

"పొద్దున్నే వద్దు, ఇల్లు కడుక్కోవల్ల" అన్నాను. "పదికి రా."