ఆదివారం ఆరు గంటల గేజీ

2019 మార్చి 3, ఆదివారం. ఉదయం 7 గంటల 10 నిమిషాలు. మబ్బు లేదు, గాలి లేదు. నిడదవోలుకు దిగువన మా ఊరి మందిరంలో తొలి ఆరాధన ముగిసింది. "ప్రభువా, నా అనుదిన జీవితం నీ నామానికి మహిమకరంగా ఉండేలా నడిపించు" అని ఆనాటి ముగింపు ప్రార్థన చేసినవాణ్ణి నేనే.

అప్పట్లో నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ను. రోజూ ఉదయం ఆరింటికి కాలువ గేజీని, అంటే నీటి లోతు తెలిపే అంకెల పలకను చూసి, కొలతను ఫోనులో మా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసుకు పంపాలి. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరు వంతులవారీగా ఇస్తారు. కాలువ చివరనున్న శివారు పొలాల వంతు ఆదివారం.

మందిరం మెట్ల దగ్గర శివారు రైతు వెంకట్రావు గారు నిలబడి ఉన్నారు. ఆయన ఎకరన్నర చేను వెన్ను తీసే ముందు పొట్టమీద ఉంది. రెండు రోజుల్లో తడి అందకపోతే గింజ పాలు పట్టక తాలవుతుంది.

"దానియేలు గారూ, చేను నెర్రెలిచ్చిందండి. ఏఈ గారికి ఫోన్ చేస్తే, గేజీ నాలుగడుగులుంది కదా, నీళ్లు రాకపోవడం ఏంటి అంటున్నారు."

"నాలుగడుగులేనండి. ఆరింటికి నేనే పంపాను."

"ఆరింటికి మీరు లోపల పాట పాడుతున్నారు కదండీ! మైకులో విన్నాను. మరి గేజీ ఎవరు చూశారు, మీ దేవుడా?"

శనివారం కొలతనే, మెట్ల మీద చెప్పులు విడుస్తూ పంపాను. ఒక్క రాత్రిలో కాలువ ఏం మారుతుందనుకున్నాను. ఇద్దరం వెళ్లి చూశాం. గేజీ అడుగున్నర. ఎగువన ఎవరో ఇసుక బస్తాలు అడ్డు వేశారు.

రిజిస్టరు పట్టుకుని ఏఈ గారింటికి వెళ్లి, పాత ఆదివారాలూ ఇలాగే చూడకుండా పంపానని చెప్పాను. ఆయన వయసులో నాకంటే చాలా చిన్నవారు.

"ఈ ఒక్క రోజుది దిద్దేయండి, చాలు. పాతవి కూడా ఒప్పుకుంటే మెమో ఇవ్వాల్సి వస్తుందండీ."

"అవీ చూసినవి కావండి. మెమో ఇవ్వండి."

ఎర్ర సిరాతో ప్రతి ఆదివారం ఎదుటా 'చూడలేదు' అని రాశాను. అడ్డు తీయించాక సోమవారం మధ్యాహ్నం రెండింటికి నీరు శివారుకు చేరింది. బుధవారం మెమో చేరింది.

ఆ వారం నుంచి ఆదివారం ఆరింటి ప్రార్థన గేజీ దగ్గరే చేసుకుని, తొమ్మిదింటి ఆరాధనకు వెళ్లేవాణ్ణి. నేను అడిగిన అనుదిన జీవితంలో ఆ ఆరు గంటల వేళ కూడా ఉందని నాకు చెప్పినవారు వెంకట్రావు గారు.

చూడకుండా పంపిన ఆదివారాలు తొమ్మిది. ఆయన చేలో నీరు చేరేలోపే తాలుపోయినది ముప్పై సెంట్లు.