ఖాళీ షెడ్డుకు అన్ని రంగులు

బట్టల ఫ్యాక్టరీ హాస్టల్లో ఆమెను అందరూ తెరక్క అనేవారు. వారమంతా చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఆదివారం మాత్రం కింది హాల్లో గోడ వెంబడి వరసగా పెట్టిన కంప్యూటర్ల ఆలనాపాలనా ఆమెదే. అవి పేరుకే కంప్యూటర్లు. లోపల సొంత సరుకేమీ ఉండదు. పనంతా ఆఫీసులోని పెద్ద యంత్రం చేసి, బొమ్మను తీగ మీద పంపిస్తే ఇవి చూపిస్తాయి. ఆ తీగకు అంత సత్తువ లేదు. అందుకని కోటిన్నర రంగులు చూపగల తెరలకు రెండువందల యాభై ఆరు రంగులే ఇచ్చి సరిపెట్టారు.

అక్షరాలకు అవి చాలు. మనుషుల మొహాలకు చాలవు. ఫోన్లు గేటు దగ్గరే లాక్కునే ఆ హాస్టల్లో, ఇంటి నుంచి వచ్చిన ఫొటో చూసుకోవాలంటే ఈ తెరలే దిక్కు. పిల్లల బుగ్గలు అతుకుల బొంతల్లా కనబడేవి. ఆడవాళ్లు నవ్వుకుని ఊరుకునేవారు.

తెరక్కకు ఆ నెల నవ్వు రాలేదు. తల్లి దగ్గర వదిలి వచ్చిన ఐదేళ్ల కూతురికి కామెర్లు. సెలవడిగితే, "నువ్వెళ్తే కామెర్లు పోతాయా?" అన్నాడు మేనేజరు. తల్లి పిల్ల ఫొటో పంపి, 'తగ్గిపోయిందమ్మా, కళ్లు తెల్లబడ్డాయి' అని రాయించింది. ఈ తెర మీద చూస్తే కన్నూ పసుపే, బుగ్గా పసుపే, వెనకాల గోడా పసుపే. అమ్మ మాట నమ్మాలనే ఉంది. కానీ అమ్మ ఏనాడూ చెడ్డ కబురు నోటితో చెప్పిన మనిషి కాదు. భయమల్లా అదే.

ఆ ఆదివారం ఇక ఆగలేక రంగుల సెట్టింగు చివరికంటా పెంచేసింది. తన ఒక్క తెరకే అనుకుంది. హాలు మొత్తానికి పెరిగింది. పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగే బొమ్మలు ఎక్కడివక్కడే బిగుసుకుపోయాయి. ఒకామె తమ్ముడు నుదురు దాకా దిగి ఆగాడు. గుండీలు కుట్టే, అందరూ వదిన అని పిలిచే ఆమె మొగుడు మీసం దగ్గర ఆగిపోయాడు.

"ఇంతవరకు చాల్లే తెరక్కా! నోరు కూడా వచ్చిందంటే తిట్లు మొదలెడతాడు," అంది వదిన.

హాలు గొల్లుమంది. తెరక్క కళ్లలో నీళ్లు చూసి వదిన దగ్గరికి వచ్చింది.

"ఏమైందే?"

"దాని కళ్లు చూడాలొదినా. రంగులు పెంచితే తీగ మోయలేకపోతోంది."

"మనల్ని కాదని ఆ తీగను ఇంకెవడు తినేస్తున్నాడు?"

తెరక్క సెట్టింగుల్లో వెతికి చూసింది. మేనేజరు గది గోడ మీది పెద్ద తెర. కెమెరాల బొమ్మలు, అన్ని రంగుల్లోనూ, గది తాళం వేసి ఉన్నా సరే. ఆ క్షణాన కూడా అది మనిషి లేని కుట్టు షెడ్డును చూపిస్తూనే ఉంది.

"ఖాళీ షెడ్డుకు కోటిన్నర రంగులా? మన పిల్లలకు అతుకులా?" వదిన గొంతు లేచింది. "తగ్గించెయ్."

"ఉద్యోగం పోతుందొదినా."

"ఎవరు తగ్గించారని అడిగితే అందరం చెయ్యెత్తుదాం. ఎంతమందిని పంపేస్తాడో చూద్దాం. ఏమంటారే?"

"ఎత్తుతాం!" అన్నారు వెనక నుంచి. ఒకరిద్దరు తలుపు వైపు చూసి మరీ అన్నారు.

తెరక్క షెడ్డు రంగులు తగ్గించింది. కాసేపటికి హాల్లో బొమ్మలు మెల్లగా కిందికి దిగాయి. మీసం కింద నోరు రాగానే వదిన కుర్చీ ముందుకు లాక్కుంది. ఎవరి తెర మీదికి వాళ్లు వంగారు.

కూతురి కళ్లు తెల్లగా ఉన్నాయి. ఓ మూల సన్నటి ఎర్ర జీర. ఫొటోకు ముందు ఏడ్చినట్టుంది. ఎవరు ఊరుకోబెట్టారో! తాను కుట్టి పంపిన నీలం గౌను వెలిసిపోయింది, చంకల కింద బిగుసుకుంది. గుండెల మీది బరువు దిగిన చోటే ఇంకోటి వచ్చి కూర్చుంది. అలవాటైన చెయ్యి భుజం కొలవడానికి లేచి తెరను తాకింది. జానెడు బొమ్మ. పిల్ల ఎంత పొడుగైందో ఎన్ని రంగులైనా చెప్పలేవు.

ఆ సాయంత్రమే తల్లికి ఉత్తరం రాసింది: 'అమ్మా, ఈసారి దాని భుజం నుంచి మోకాలి దాకా దారం పెట్టి కొలిచి, అక్కడికి తెంపి, ఆ దారాన్ని కవర్లో పెట్టి పంపించు.'